'ఇన్' అంటే 'కాదు'

ఆ ఇంట్లో పొద్దున టీ గ్లాసు చేతికి రావాలంటే ముందు ఒక వాక్యం చెప్పాలి. ముందుగది గోడకున్న నల్లబల్ల మీద పెద్దాయన ఒక ఇంగ్లీషు మాట రాస్తాడు. దాన్ని ముక్కలుగా విరిచి అర్థం చెబుతాడు. తర్వాత కొడుకు, కోడలు, మనవరాలు వరసగా ఆ మాటతో ఒక్కో వాక్యం కట్టాలి. అత్తగారికి మాత్రం మినహాయింపు. "నా వాక్యం టీయే. తాగితే తాగండి, లేకపోతే లేదు" అని ఆవిడ మొదట్లోనే తేల్చేసింది.

పెద్దాయన ఒక ఆఫీసులో వచ్చిపోయే ఉత్తరాల గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. వీధిలో వాళ్ళు ఆయన్ని ఎదురుగా 'సార్' అంటారు, వెనక 'డిక్షనరీ' అంటారు. కొడుకు బస్సు డ్రైవరు. కోడలు ముందుగదిలో ఒక పక్క మిషను వేసుకుని చేతిసంచులు కుట్టి కొట్లకిస్తుంది. మనవరాలిని అందరూ పిచ్చుక అంటారు. నోరు మూతపడదని ఆ పేరు.

ఆ రోజు మాట కోడలు తెచ్చిన జిగురు డబ్బా మీంచి వచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె తెల్ల జిగురుతో సరిపెట్టుకునేది. సంచుల పట్టీలు ఊడిపోతున్నాయని కొట్టువాడు గొణిగితే, ముందురోజు సాయంత్రం ఈ కొత్త రకం కొనుక్కొచ్చింది. రేకు డబ్బా. దాని మీద ఎర్రటి అక్షరాలు.

"ఇవాళ్టి మాట తనంతట తనే మనింటికి నడిచొచ్చింది" అన్నాడు పెద్దాయన డబ్బాను బల్ల పక్కన పెట్టి. "ఇన్‌ఫ్లేమబుల్. ఎంత పొడుగుందో చూశావా పిచ్చుకా? పొడుగు మాటని చూసి భయపడకూడదు. ఏం చెయ్యాలి?"

"విరగ్గొట్టాలి!"

"విరువు మరి."

"ఇన్. ఫ్లేమ్. ఏబుల్."

"ఫ్లేమ్ అంటే మంట. ఏబుల్ అంటే, అలా అవగలిగేది. ఇన్ అంటే?"

"కాదు!"

"ఇన్‌కరెక్ట్, సరి కాదు. ఇన్‌కంప్లీట్, పూర్తి కాదు. ఇన్‌విజిబుల్, కనబడదు. మనకి 'అ' ఎలాగో వాళ్ళకి 'ఇన్' అలాగ. న్యాయం, అన్యాయం. కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అంటే?"

"మండనిది!"

"పైన హైలీ అని కూడా ఉంది. అంటే బొత్తిగా మండనిది."

కోడలు డబ్బా వంక చూసింది. అక్షరాల కింద ఒక చిన్న మంట బొమ్మ ఉంది. "మావయ్యగారూ, కింద మంట బొమ్మ వేశాడు కదా?" అంది, అడుగుతున్నట్టు కాకుండా ఊరికే చూసింది చెబుతున్నట్టు.

"అదేనమ్మా. చదువు రానివాళ్ళకి బొమ్మ. మంట దగ్గరున్నా ఫర్వాలేదని."

కొడుకు డబ్బాను చూశాడు, తండ్రిని చూశాడు, చివరికి ఖాళీ గ్లాసులోకి చూశాడు. "వాటర్ ఈజ్ ఇన్‌ఫ్లేమబుల్" అని ఒక్క గుక్కలో అప్పజెప్పి గ్లాసు చాపాడు.

"భేష్. పిచ్చుకా, నువ్వు?"

"మై గ్రాండ్‌ఫాదర్ ఈజ్ ఇన్‌ఫ్లేమబుల్!"

వంటింట్లోంచి అత్తగారి నవ్వు వినబడింది. "మీ తాత మండకపోవడమేంటే? రోజుకి రెండుపూటలా మండుతారు. పొయ్యి అయినా నయం, తిప్పితే ఆరిపోతుంది."

పెద్దాయన కూడా నవ్వాడు. ఆయన నవ్విన పొద్దుటిపూట ఇల్లు తేలికగా ఉంటుంది. ఆ తేలికతనాన్ని పాడుచేయడం ఎవరికీ ఇష్టం ఉండదు. కోడలికి అసలే ఉండదు. "ద గ్లూ ఈజ్ ఇన్‌ఫ్లేమబుల్" అంది ఆమె. ఆ వాక్యం అక్షరాలా నిజమని ఆ గదిలో ఎవరికీ తెలియదు.

టీ అయ్యాక ఆయన డబ్బాను ఊపి చూశాడు. రాత్రి చలికి జిగురు ముద్దకట్టింది. "ఇలా అయితే బ్రష్షు తిరగదమ్మాయ్. వంటింట్లో పొయ్యి గట్టు కింద పెట్టుకో. ఆ వెచ్చదనానికి పల్చబడుతుంది. ఎలాగూ మండనిదే కదా." ఆమె బదులు చెప్పేలోపే డబ్బాను తనే మోసుకెళ్ళి, సిలిండరు పక్కన పెట్టి వచ్చాడు.

ఆ ఇంట్లో పెద్దాయన చెప్పిన అర్థాన్ని ఒక్కసారే ఒకరు కాదన్నారు. ఆయన రిటైరైన కొత్తలో కొడుకు, భోజనాల దగ్గర, ఏదో మాటకి "అలా కాదేమో నాన్నా, తప్పేమో" అన్నాడు. పెద్దాయన అరవలేదు. అన్నం పళ్ళెం పట్టుకుని లేచి వెళ్ళి బయట మెట్ల మీద కూర్చుని తిన్నాడు. మరునాడూ అంతే. ఎండాకాలం పోయి వానలు మొదలయ్యేదాకా అంతే. వాన చినుకులు పళ్ళెంలో పడుతుంటే తింటున్న ఆ మనిషి వీపును తలుపు సందులోంచి చూసినవాళ్ళెవరూ మళ్ళీ 'తప్పు' అనే మాట జోలికి పోలేదు. కేకలేసే మనిషైతే ఎదురుతిరగవచ్చు. ఆ వీపుతో ఎలా పోట్లాడాలో ఎవరికీ తెలియలేదు.

మునుపు ఆయన ఇలా ఉండేవాడు కాదని అత్తగారు అంటుంది. ఆఫీసులో వీడ్కోలు సభ జరిగిన రోజు, విందు పెట్టకముందే తలనొప్పని ఇంటికొచ్చేశాడు. అప్పట్నుంచీ ఆఫీసు ఊసెత్తలేదు. ఆ వారంలోనే ఈ నల్లబల్ల కొన్నాడు.

భర్త డ్యూటీకి, పిచ్చుక బడికి వెళ్ళాక కోడలు పనిలో కూర్చుంది. ఆ పూటకి వంట ముగిసి పొయ్యి ఆరింది. డబ్బా మూత గట్టిగా బిగిసి ఉంటే స్క్రూడ్రైవరుతో ఎత్తింది. వాసన గుప్పుమని ముక్కులోంచి నేరుగా తలలోకి ఎక్కినట్టయింది. అది తనకు పరిచయమైన వాసనలా తోచింది. ఎక్కడిదో ఆలోచిస్తే, భర్త బస్సుకి ఆయిలు పట్టించే బంకు గుర్తొచ్చింది. అక్కడితో ఆలోచన ఆపేసింది. ఆపేశానని కూడా ఆమెకు తెలిసింది. చీకటి గది తలుపు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి వచ్చేసినట్టు ఉంది.

"అత్తయ్యా, వాసనొస్తోందా మీకు?"

"కొత్త చెప్పుల కొట్లో కూచున్నట్టుంది. ఏం?"

"ఏం లేదు. నిజంగా మండదంటారా?"

అత్తగారు కూరగాయల కత్తిని కడిగి పక్కన పెట్టింది. కోడలి మొహంలోకి చూడలేదు. "నాకేమనిపిస్తే ఏం లాభం? వెళ్ళి అడుగు. రేపట్నుంచి ఆయన పళ్ళెం మెట్ల మీదకి పోతుంది. దాన్ని మళ్ళీ లోపలికి తెచ్చేసరికి నా తలప్రాణం తోకకొస్తుంది. నీకు ఓపికుంటే అడుగు."

ఆమెకు ఓపిక లేదు. నాలుగు పట్టీలు అంటించి, మూత సుత్తితో కొట్టాలని తెలిసీ, మళ్ళీ ఎత్తాలి కదా అని దాని మీద ఒక పళ్ళెం బోర్లించి, పొయ్యి గట్టు కింద ఆయన పెట్టిన చోటే ఉంచింది. మధ్యాహ్నం తయారైన సంచులు కొట్లో ఇచ్చి, అటునుంచి అటే పిచ్చుకను తీసుకురావడానికి బడికి బయల్దేరింది.

బడి గేటు దగ్గర టీచరు ఆమె కోసమే ఎదురుచూస్తోంది. చేతిలో పిచ్చుక పలక. "ఇవాళ పిల్లల్ని సొంత వాక్యాలు రాయమన్నాను. మీ పాప ఇది రాసింది" అని చదివింది. "మై గ్రాండ్‌మదర్ లైట్స్ ద స్టవ్ నియర్ ద ఇన్‌ఫ్లేమబుల్ గ్లూ. సో షి ఈజ్ సేఫ్."

"స్పెల్లింగ్ తప్పులున్నాయా మేడం?"

"స్పెల్లింగంతా సరిగ్గానే ఉంది. అందుకే భయమేసింది. మీ ఇంట్లో నిజంగా పొయ్యి దగ్గర అలాంటి డబ్బా ఉందా?"

"ఉంది. కానీ అది మండనిదని..."

"మండనిది కాదండీ. ఇట్టే అంటుకునేది. ఆ మాట అర్థం అదే."

"మరి ఇన్ అంటే కాదు అని తాత విరిచి చెప్పాడు కదా?" పిచ్చుక అడ్డొచ్చింది.

"అన్నిచోట్లా కాదమ్మా. ఇన్‌ఫ్లేమ్ అని వేరే మాట ఉంది. మండించడం. దానికి ఏబుల్ చేరింది. తాతగారు విరిచిన చోట విరగదది."

కోడలికి ఆశ్చర్యం కలగలేదు. ఆ సంగతే ఆమెను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది. పొద్దుటినుంచీ ఆమెకు తెలుసు. ముక్కుకు తెలుసు, మంట బొమ్మ చూసిన కళ్ళకు తెలుసు. నోటికి ఒక్కదానికే తెలియకుండా దాచిపెట్టింది. పిచ్చుక ఇంటికొచ్చే వేళకి అత్తగారు టీ పెడుతుంది. డబ్బాకి మూత లేదు. దాని మీద బోర్లించిన పళ్ళెం ఉంది, అంతే.

అత్తగారి ఫోను మోగి మోగి ఆగిపోయింది. అది ఎప్పుడూ మంచం మీద తలగడ కింద ఉంటుంది. ఇక మిగిలింది పెద్దాయన ఫోను. ఆ పేరు మీద వేలు పెట్టేముందు ఆమె ఒక్క క్షణం ఆగింది. ఇంట్లో మంటకీ మామగారికీ మధ్య నిలబడి, ఇంకా ఆయనకే ఎక్కువ భయపడుతున్నందుకు ఆమెకు తన మీదే అసహ్యం వేసింది. వేలు నొక్కింది.

"ఏమ్మా?"

"మావయ్యగారూ, అత్తయ్యని పొయ్యి వెలిగించొద్దని చెప్పండి."

"ఎందుకు?"

"ఆ జిగురు డబ్బా... అది అంటుకుంటుంది."

"మండదని దాని మీద రాసే ఉంది కదమ్మా. పొద్దున చెప్పుకున్నాంగా."

"మండుతుందనే రాసుందండీ."

ఆయన గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "అంటే?"

"అంటే, మీరు చెప్పింది..." ఆమె గేటు కమ్మీని పట్టుకుంది. "మీరు చెప్పింది తప్పు మావయ్యగారూ."

ఫోనులో, దూరంగా, వంటింట్లోంచి అత్తగారి గొంతు వినబడింది. "ఏమండీ, అగ్గిపెట్టె ఎక్కడ పెట్టారు?"

ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

పిచ్చుక చెయ్యి పట్టుకుని ఆమె పరుగెత్తింది. బడి నుంచి ఇంటికి దూరం లేదు. రోజూ కబుర్లలో తెలియకుండానే అయిపోయే దారి. ఇవాళ ప్రతి మలుపులోనూ ముందు ఆకాశం చూసింది. ఎవరో ఎండుటాకులు తగలబెడుతున్నారు, ఆ పొగ చూసి ఆమె ఇంకా జోరుగా పరుగెత్తింది. "అమ్మా, నా వాక్యం తప్పా?" అని పిచ్చుక ఏడుపు గొంతుతో అడుగుతూనే ఉంది. "నీది కాదమ్మా, నీది కాదు" అంటూ లాక్కుపోయింది.

అత్తగారు వాకిట్లో మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెను క్షేమంగా చూడగానే కోడలికి ఊపిరి అందింది. వెంటనే మళ్ళీ ఆగిపోయింది. తలుపు వేసి ఉంది.

"మావయ్యగారేరీ?"

"నీకు తెలియాలి! ఫోనులో ఏమన్నావు? వంటింట్లోకొచ్చి నా భుజం పట్టుకుని బయటికి తోసేశారు. అగ్గిపెట్టె ఆయన చేతిలోనే ఉంది. లోపల గడియ పెట్టుకున్నారు. పిలిస్తే పలకరే!"

ఆయన తన మాటే నిజమని నిరూపించుకోవడానికి లోపలున్నాడు. ఆ ఆలోచన రాగానే కోడలు కాలింగు బెల్లు మీదికి చాచిన చేతిని, దాన్లోంచి రవ్వ లేస్తుందేమోనని, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కుంది. "పాపను తీసుకుని ఎదురింటికి వెళ్ళండి అత్తయ్యా. కదలొద్దు." ఇంటి పక్క సందులోంచి వంటింటి కిటికీ వైపు వెళ్ళింది. ఏ క్షణాన ఆ కిటికీ వెలుగుతుందో అని కళ్ళు సగం మూసుకునే నడిచింది.

కిటికీ బార్లా తెరిచి ఉంది. లోపల పెద్దాయన గచ్చు మీద గోడకు చేరగిలబడి ఉన్నాడు. ఒడిలో ఆయన పాత డిక్షనరీ. దాన్ని పిచ్చుకను కూడా ముట్టుకోనివ్వడు. కుడి గుప్పిట్లో అగ్గిపెట్టె నలిగిపోయి ఉంది. పొయ్యి వెలగలేదు.

"మావయ్యగారూ." గట్టిగా పిలవడానికి కూడా ఆమెకు భయమేసింది. "ఆ పెట్టె ఇలా ఇవ్వండి."

ఆయన తలెత్తాడు. లేచి వచ్చి, కమ్మీల మధ్య నుంచి అగ్గిపెట్టెను ఆమె చేతిలో పెట్టాడు. తర్వాత మాట విన్న పిల్లాడిలా వెళ్ళి తలుపు గడియ తీశాడు. ఆమె సిలిండరు కట్టేసింది. దీపం స్విచ్చు జోలికి పోకుండా, డబ్బాను రెండు చేతులతో ఎత్తి, పెరటి గోడ అవతల ఖాళీ జాగాలో పెట్టి, దాని మూత ఒక చెక్కముక్కతో కొట్టి బిగించింది. ఆ పని అయ్యేదాకా ఆమెకు ఏడుపు రాలేదు.

తిరిగొచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అవే మెట్లు. ఎదురింటి గుమ్మంలోంచి అత్తగారు, వద్దంటున్నా వినకుండా వచ్చేసింది.

"వెలిగించి చూపిద్దామనే అనుకున్నాను" అన్నాడు పెద్దాయన ఎవరి వైపూ చూడకుండా. "పుల్ల బయటికి తీశాను కూడా. అప్పుడు తోచింది. అంత నమ్మకమే ఉంటే మీ అత్తయ్యని బయటికెందుకు తోశాను?"

అత్తగారు ఆయన పట్టుకు తోసిన భుజాన్ని తడుముకుంది.

"నా మాట మీద నాకే నమ్మకం లేదన్నమాట. నా చేతికి తెలుసు. మీ అత్తయ్యని బయటికి తోసింది నా చెయ్యే. అప్పుడు పుస్తకం తీశాను."

"ఇన్నాళ్ళూ ఎప్పుడూ చూడలేదా?" అని కోడలు అడిగింది. ఆమె గొంతులో నింద లేదు.

"తెలియని మాటకైతే చూస్తాను. తెలిసిన మాటకి ఎవరు చూస్తారమ్మా?" ఆయన డిక్షనరీలో వేలు పెట్టి ఉంచిన పేజీ తెరిచాడు. వేలు ఉన్నది ఇన్‌ఫ్లేమబుల్ దగ్గర కాదు. ఇంకా చాలా పేజీల తర్వాత. "ఇక్కడ ఇన్ అంటే 'కాదు' అని కానప్పుడు, ఇంకెక్కడెక్కడ కాదో అని చూసుకుంటూ పోయాను. ఇదిగో, ఇక్కడ ఆగిపోయాను."

ఆమె చదివింది. "ఇన్‌వాల్యుబుల్."

"నన్ను సాగనంపిన రోజు పెద్ద ఆఫీసరు మైకులో అన్నాడు. హిజ్ సర్వీసెస్ ఆర్ ఇన్‌వాల్యుబుల్ అని." ఆయన ఆ మాట కింద గోరుతో గీత గీశాడు. "విరిచాను. వాల్యూ అంటే విలువ. ఇన్ అంటే కాదు. నా పని విలువ లేనిదన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్కన కూచున్నవాడు, రోజూ నా అన్నం డబ్బాలోంచి తిన్నవాడు, వాడూ కొట్టాడు. వాడు మరీ గట్టిగా కొట్టాడు."

అత్తగారు మెల్లగా ఆయన పక్కన కూర్చుంది. "అందుకా ఆ రోజు తలనొప్పన్నారు?"

"మరేం చెప్పను? నీ మొగుడు పనికిమాలినవాడని సభపెట్టి చెప్పారని చెప్పనా? ఈ ఇంట్లో ఇంకెవరినైనా అలా ఇంగ్లీషులో అవమానిస్తే కనీసం అర్థమవ్వాలని నల్లబల్ల కొన్నాను." ఆయన మొహం చేతుల్లో దాచుకున్నాడు. "వెలకట్టలేనిదని రాసుందే ఇందులో! అమూల్యం అంటాం కదా మనం? మూల్యం లేనిదనా అర్థం? నా సొంత భాషలో నాకు తెలిసిన సంగతే అది. వాళ్ళందరూ నా కోసమే చప్పట్లు కొట్టారే. వాడు అందరికంటే గట్టిగా కొట్టాడు."

అత్తగారు ఏడుస్తూనే విసుక్కుంది. "ఇన్నేళ్ళ తలనొప్పి! నన్నొక్క మాట అడిగుంటే ఏం పోయేది? నాకు ఇంగ్లీషు తెలియదు, మీ విలువ తెలియదా?"

సాయంత్రం కొడుకు వచ్చి సంగతంతా విన్నాడు. "నాకూ అనుమానంగానే ఉందే పిచ్చుకా పొద్దున" అని పిచ్చుకతో అంటున్నట్టు అని, భార్య చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అనుమానమున్నా నోరు విప్పని ఇద్దరు పెద్దవాళ్ళ మధ్య పిల్ల నిద్రపోయింది. డబ్బాను మరునాడే తిరిగి కొట్లో ఇచ్చేయాలని అనుకున్నారు.

పొద్దున నల్లబల్ల మీద కొత్త మాట ఉంది. ఇన్‌వాల్యుబుల్. పెద్దాయన దాన్ని విరవలేదు. డిక్షనరీని పిచ్చుక ఒడిలో పెట్టి, "నువ్వే చదివి చెప్పు" అన్నాడు. పిచ్చుక అక్షరాల కింద వేలు జరుపుతూ చదివింది. కొడుకు తన బస్సు మీద ఒక వాక్యం చెప్పాడు. ఎన్నడూ లేనిది, వంటింట్లోంచి అత్తగారు "మై టీ" అని అరిచి, అక్కడితో ఆపేసింది. అందరూ నవ్వారు.

"తాతా, ఇప్పుడు నువ్వు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. ఇంగ్లీషులో మొదలుపెట్టబోయి మానుకున్నాడు. "నిన్న మా కోడలు ఫోను చేసి, నేను చెప్పింది తప్పంది."

"అందులో ఇవాళ్టి మాట లేదు తాతా!"

"ఉందమ్మా. సరిగ్గా చూడు."

కోడలు వంటింట్లోకి తప్పుకుంది. పొయ్యి గట్టు కింద చోటు ఖాళీగా ఉంది. కిటికీలు తెరిచే ఉన్నాయి. అయినా అగ్గిపుల్ల గీసేముందు ఆమె ఒకసారి గాలి పీల్చి చూసింది, ఇంకోసారి చూసింది. "ఏ వాసనా లేదులే, వెలిగించు" అంది అత్తగారు పక్కనే నిలబడి. కోడలు మూడోసారి కూడా గాలి పీల్చి, పుల్ల గీసింది.